మొర్రి, మాట, మొదటి బెంచీ

మా కాలేజీ ఎన్ఎస్ఎస్ బ్యాచ్ శనివారాలు మొయినాబాద్ మండలంలో ఒక ప్రాథమిక బడికి వెళ్తుంది. కాసేపు లెక్కలు, కాసేపు తెలుగు, ఓపికుంటే ఒక కథ. మొదటి శనివారం పరిచయాలు పెట్టాం. ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు చెప్పాలి. చుట్టుపక్కల పూలతోటల్లో, ఫామ్‌హౌసుల్లో పనికొచ్చిన కుటుంబాల పిల్లలు కూడా ఉంటారు కాబట్టి ఊళ్ళ పేర్లు రకరకాలు. చిలుకూరు, కనకమామిడి, సురంగల్, ఒకడిది ఏకంగా బీదర్. అలా వంతు చివరి బెంచీకి చేరింది. కిటికీ పక్కన నాలుగో తరగతి పిల్లాడు. వాడు లేవకముందే ముందు బెంచీల నుంచి జవాబు వచ్చేసింది: "వాడు మాట్లాడడన్నా!" "వానికి మాటలు సక్కగ రావన్నా!"

వాడు లేచాడు. పై పెదవి మీద ముక్కు దాకా ఒక సన్నటి కుట్టు గీత. పేరు చెప్పాడు, నాకు అర్థం కాలేదు. ఊరు చెప్పాడు. అది సగం అర్థమైంది. "మొయినా" అన్నంతవరకు మనలాగే వచ్చింది. తర్వాతి "బాద్" మాత్రం ముక్కులోకి వెళ్ళిపోయి "మాన్" లాగా వినిపించింది. క్లాసంతా నవ్వింది. మా బ్యాచ్‌లో కూడా ఒకరిద్దరు తల దించుకుని నవ్వాపుకున్నారు.

నేను నవ్వలేదు. మంచివాణ్ణని చెప్పుకోవడానికి కాదు, నా వాటా నవ్వు ఏడో తరగతిలోనే నవ్వేశాను. అప్పుడు మా క్లాసులో ఒకడుండేవాడు. అదే గీత, అదే గొంతు. వాడికి "ముక్కు రేడియో" అని పేరు పెట్టింది నేనే. ఆ పేరు ఎంత బాగా అతుక్కుందంటే పక్క సెక్షన్ వాళ్ళకు వాడి అసలు పేరు తెలియదు. టీచర్లు ఏమీ అనేవాళ్ళు కాదు. పైగా పాఠం చదివే వంతు వాడి దగ్గరికి వచ్చినప్పుడు, పాపం ఎందుకు ఇబ్బంది పెట్టడం అని, వాణ్ణి దాటేసి నాకు ఇచ్చేవాళ్ళు. నేను చదివేవాణ్ణి. దసరా సెలవుల తర్వాత వాడు రాలేదు. వేరే బడికి మారాడన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనైతే అసలే అడగలేదు.

మొయినాబాద్ పిల్లాణ్ణి చూశాక ఈ విషయం మీద దొరికినంత చదివాను, ఇద్దరు డాక్టర్లను అడిగాను. మనం ఇంజనీరింగ్ వాళ్ళం, ఏదైనా ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్ప నమ్మం కదా. ఇది ఎలా పనిచేస్తుందో తెలిసి ఉంటే నేను ఆ పేరు పెట్టేవాణ్ణా అన్నది వేరే సంగతి. మీకు మాత్రం తెలిసిన వరకు చెప్తాను. పిల్లాడి పేరు, బడి పేరు రాయను.

మన భాషలో దీన్ని గ్రహణం మొర్రి అంటారు. పేరులోనే కారణం ఉంది, నిందితురాలు కూడా ఉంది. గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్న ఆవిడ బయటికి వచ్చింది, లేదా కత్తిపీట పట్టుకుంది, కూరగాయ తరిగింది, అందుకే బిడ్డ పెదవి తెగింది. ఇది మన ఒక్కళ్ళ నమ్మకమే అనుకోకండి. మెక్సికోలో కూడా గ్రహణం చంద్రుణ్ణి కొరికినట్టే బిడ్డ మూతిని కొరుకుతుందని నమ్మేవారు. కాపుగా గర్భిణులు పొట్ట దగ్గర ఒక ఇనుప వస్తువు, ఈ కాలంలో అయితే పిన్నీసు, పెట్టుకుంటారు. మన దగ్గర ఇనుము ముట్టుకుంటే తప్పు, వాళ్ళ దగ్గర ముట్టుకోకపోతే తప్పు. ఇద్దరి పిల్లల్లోనూ మొర్రి మాత్రం ఉంటుంది.

అసలు జరిగేది ఇది. మీ ముక్కు కింద, పై పెదవి మధ్యలో వేలు పెట్టి చూడండి. ఒక చిన్న కాలవ, దానికి రెండు వైపులా రెండు గట్లు తగులుతాయి. అవి అతుకులు. అమ్మ కడుపులో మన ముఖం ఒకే ముక్కగా తయారవ్వదు. నాలుగో వారం ప్రాంతంలో నోరు కాబోయే గుంట చుట్టూ అయిదు చిన్న దిబ్బలు లేస్తాయి. పైన నుదుటి వైపు నుంచి ఒకటి, రెండు చెంపల నుంచి రెండు, కింద దవడ వైపు రెండు. ఇవి పెరుగుతూ ఒకదానివైపు ఒకటి జరిగి కలుసుకుంటాయి. పై నుంచి వచ్చిన భాగమూ చెంపల నుంచి వచ్చిన భాగమూ కలిస్తే పై పెదవి. ఆ తర్వాత నోటి లోపల రెండు పక్కల నుంచి రెండు పలకలు వచ్చి మధ్యలో అతుక్కుంటే అంగిలి. పెదవి పని రెండో నెల గడిచేసరికి, అంగిలి పని మూడో నెలలోగా అయిపోతాయి. ఎక్కడైనా కలవాల్సిన సమయానికి కలవకపోతే అక్కడ సందు మిగిలిపోతుంది. కొందరికి పెదవి వరకే, కొందరికి అంగిలి ఒక్కటే, కొందరికి రెండూ. అంటే ఏదో తెగడం వల్ల వచ్చింది కాదు, అసలు అతకనే లేదు. ప్రతి మనిషి మూతి మీదా ఆ అతుకు ఆనవాలు ఉంది, నాకూ ఉంది, మీకూ ఉంది.

ఎందుకు కలవదంటే ఒక్క కారణం చెప్పలేరు. జన్యువుల పాత్ర ఉంటుంది, అవి అమ్మవైనా కావచ్చు, నాన్నవైనా కావచ్చు. గర్భిణి పొగ తాగడం, గర్భానికి ముందు నుంచే ఉన్న షుగర్, మూర్ఛకు వాడే కొన్ని మందులు అవకాశాన్ని పెంచుతాయి. చాలామంది తల్లుల విషయంలో ఇవేవీ ఉండవు, అయినా వస్తుంది.

ఇప్పుడు గ్రహణం లెక్క. ఇది నాకు బాగా నచ్చింది, అందుకే కాస్త సాగదీస్తాను. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒక వరసలోకి వచ్చే గ్రహణాల సీజన్ దాదాపు 173 రోజులకొకసారి వస్తుంది. ప్రతి సీజన్‌లోనూ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట కనీసం ఒక సూర్యగ్రహణం ఖాయం. గర్భం సుమారు 280 రోజులు. కాబట్టి ఈ భూమ్మీద ఏ గర్భవతి తొమ్మిది నెలలు తీసుకున్నా వాటిలో గ్రహణం లేకుండా ఉండదు. మీరు, నేను, మన హెచ్ఓడీ గారు, అందరం గ్రహణాలు దాటుకునే పుట్టాం. బిడ్డ మామూలుగా పుడితే ఆ గ్రహణం ఎవరికీ గుర్తుండదు. మొర్రితో పుడితే మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు వెనక్కి వెళ్ళి వెతుకుతారు. వెతికితే దొరకకుండా ఎలా ఉంటుంది? మన దగ్గర కనపడనిదైనా టీవీలో దాని మీద చర్చ ఎలాగూ జరిగే ఉంటుంది.

ఇంకోవైపు నుంచి చూడండి. మొర్రి సుమారు 700 నుంచి 1000 కాన్పులకు ఒకరికి వస్తుందని అంచనా. మన దేశంలో ఏటా రెండు కోట్లకు పైగా పుడతారు. అంటే రోజుకు పదుల సంఖ్యలో, గ్రహణమున్న నెలా లేని నెలా అని తేడా లేకుండా పుడుతూనే ఉన్నారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రంగారెడ్డి జిల్లా మీదుగానే వెళ్ళింది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళ జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలో పడింది. శాస్త్రవేత్తలు పరికరాలు మోసుకుని ఆ ఊరికి వస్తే, అదే జిల్లాలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళను కదలకుండా చీకటి గదుల్లో పడుకోబెట్టారు. పడుకోబెట్టడం వల్ల వచ్చే నష్టం ఏముందిలే అనొచ్చు. నష్టం ఆ రోజు కాదు. తర్వాత ఏ బిడ్డో మొర్రితో పుట్టినప్పుడు, "నువ్వు సరిగ్గా పడుకోలేదు" అనే మాటకు ఆ రోజే పునాది పడుతుంది.

పుట్టిన దగ్గర నుంచి ఆ బిడ్డకు మొదటి యుద్ధం పాలతో. అంగిలిలో సందు ఉంటే నోట్లో గాలి నిలవదు, చప్పరించే శక్తి రాదు, తాగిన పాలు ముక్కులోంచి వస్తాయి. ఇక్కడ మన పాత ఉగ్గుగిన్నె పనికొస్తుంది, బిడ్డను నిటారుగా పట్టుకుని కొద్దికొద్దిగా పోయాలి. ఆపరేషన్‌కు బరువు కావాలి కాబట్టి ఈ పాలే మొదటి మందు. పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, రక్తంలో హిమోగ్లోబిన్ పది గ్రాములు అని సర్జన్లు ఒక పాత లెక్క చెప్తారు. పది పౌండ్లంటే నాలుగున్నర కిలోలు. పెదవి ఆపరేషన్ మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలి ఆపరేషన్ తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, అంటే మాటలు గట్టిపడేలోపు. పై చిగురు ఎముకలో కూడా సందు ఉంటే ఎనిమిది పదకొండేళ్ళ మధ్య ఇంకొకటి. దవడ పెరుగుదల ఆగాక, ఇంటర్ వయసులో, కొందరికి దవడదో ముక్కుదో మరొకటి. ఒకసారి కుట్టేస్తే అయిపోయింది అనుకుంటాం కానీ ఇది దాదాపు చదువు మొత్తంతో పాటు నడిచే క్యాలెండర్.

డబ్బు సంగతి చాలామందికి తెలియదు కాబట్టి ఒక్క మాట. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, సర్కారు బళ్ళకు ఒకసారి వచ్చి పిల్లల్ని చూడాలి. వాళ్ళు వెతకాల్సిన జబ్బుల పట్టికలో మొర్రి ఉంది. చికిత్స ఉచితం. స్మైల్ ట్రెయిన్ అనే సంస్థ 2000 నుంచి మన దేశంలో ఆసుపత్రులతో కలిసి ఉచితంగా ఆపరేషన్లు చేయిస్తోంది. హైదరాబాద్‌లో జీఎస్ఆర్ లాంటి, ముఖ్యంగా ఈ పని మీదే ఉన్న ఆసుపత్రి ఉంది. మొయినాబాద్ నుంచి మెహదీపట్నం బస్సెక్కి, ఇంకో బస్సు మారితే చేరేంత దూరం.

"స్మైల్ పింకీ" అనే డాక్యుమెంటరీ గురించి వినే ఉంటారు. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ జిల్లా పల్లెటూరి పాప పింకీ సోన్‌కర్ కథ. మొర్రి వల్ల బడికి దూరంగా, తోటి పిల్లలకు దూరంగా ఉన్న పాపకు వారణాసిలో ఉచితంగా ఆపరేషన్ అవుతుంది. మేగన్ మైలన్ తీసిన ఈ సినిమాకు 2009లో ఆస్కార్ వచ్చింది. 2013 వింబుల్డన్ ఫైనల్లో టాస్ వేసింది ఈ పింకీయే. మంచి సినిమా, చూడండి. కాకపోతే పాప నవ్వేసరికి సినిమా అయిపోతుంది. మా మొయినాబాద్ పిల్లాడికి ఆ సినిమా అయిపోయి ఎనిమిదేళ్ళయింది. వాడికి రెండు ఆపరేషన్లూ టైముకే చేయించారు, ఆ తల్లికి దండం పెట్టాలి. అయినా వాడు చివరి బెంచీలో, మాట్లాడనివాడి కింద లెక్కలో ఉన్నాడు.

ఎందుకున్నాడో తెలియాలంటే మన వర్ణమాల దగ్గరికి వెళ్ళాలి. ఇది లిటరరీ క్లబ్ కాబట్టి ధైర్యంగా వెళ్తున్నాను.

క చ ట త ప వర్గాలు గుర్తు తెచ్చుకోండి. అయిదు అడ్డ వరసలు, అయిదు నిలువు వరసలు. ప ఫ బ భ మ. త థ ద ధ న. ప్రతి వరసలో మొదటి నాలుగూ నోటిలోంచి వచ్చేవి, అయిదోది ముక్కులోంచి, అదే అనునాసికం. మనం చిన్నప్పుడు పాట పాడినట్టు అప్పజెప్పేశాం కానీ ఆ పట్టిక ఒక వాల్వ్ డయాగ్రమ్. నోటి పైభాగంలో వెనక, కొండనాలుక వేలాడే చోట, మెత్తటి అంగిలి ఉంటుంది. "ప" అనాలంటే అది పైకి లేచి గొంతు వెనక గోడకు ఆనుకుని ముక్కు దారి మూసేస్తుంది. గాలి నోట్లో పెదవుల వెనక కూడుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, పెదవులు తెరుచుకోగానే "ప". "మ" అనేటప్పుడు వాల్వ్ కిందికి దిగి తెరుచుకునే ఉంటుంది, గాలి ముక్కులోంచి పోతుంది. పెదవుల పని రెండింటికీ ఒకటే. బ, మ మధ్య తేడా ఆ వాల్వ్ ఒక్కటే.

ఇప్పుడు ఆ వాల్వ్ లీకవుతోందనుకోండి. అంగిలి కుట్టిన తర్వాత కూడా కొంతమంది పిల్లల్లో అది పొట్టిగానో బిగుతుగానో ఉండి వెనక గోడను అందుకోదు. అప్పుడు మొదటి నాలుగు నిలువు వరసలూ జారి అయిదో వరసలోకి పోతాయి. బాబు అంటే "మాము", దాదా అంటే "నానా" లాగా. మెకానికల్ వాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు, గ్యాస్కెట్ పోయిన చోట ప్రెషర్ నిలవదు. ఎంత గట్టిగా ఊదినా అంతే. అందుకే "ఇంకాస్త ప్రాక్టీస్ చెయ్ రా" అన్న సలహా ఒక్కోసారి అన్యాయం. లీక్ పెద్దదైతే ఇంకో ఆపరేషన్ కావాలి. బూరలు ఊదించండి, ఈలలు వేయించండి అని కూడా చెప్తుంటారు, దానివల్ల మాట బాగుపడదు. మాట బాగుపడాలంటే స్పీచ్ థెరపిస్టు మాటతోనే చేయించాలి. కొందరు పిల్లలు ఆపరేషన్‌కు ముందే ఒక దొడ్డిదారి నేర్చుకుంటారు, నోట్లో నిలవని గాలిని గొంతులోనే టక్కున ఆపి "క"కు బదులు అది వాడతారు. వాల్వ్ బాగైనా ఆ అలవాటు మిగిలిపోతుంది. దాన్ని మాన్పించగలిగేది థెరపీయే.

ముక్కు గట్టిగా మూసుకుని "పాప", "తాత" అనండి. పెద్ద తేడా ఉండదు. అలాగే మూసుకుని "మామ", "నాన్న" అనండి, "బాబ", "దాద్ద" లాగా వస్తుంది. వాడి ఇబ్బంది దీనికి సరిగ్గా తలకిందులు. అందుకే వాడికి అమ్మ, వాన, మల్లె, నీళ్ళు చక్కగా వస్తాయి. "మొయినా" వస్తుంది. "బాద్" దగ్గర రెండు హల్లులూ ఒత్తిడి కావాల్సినవే. చేవెళ్ళ చాలావరకు పలుకుతాడు. చిలుకూరు కష్టం. ఈ మండలంలో వాడు ఏ ఊరి నుంచి వచ్చి ఉంటే క్లాసు నవ్వేది కాదో ఒక సాయంత్రం కూర్చుని లెక్కేశాను. మర్రిచెట్ల రోడ్డు మీద బస్సులో వెళ్తూ బోర్డులు చదువుకుంటూ ఇదే పని. పూర్తిగా పలికే ఊరు దొరకలేదు.

ఈసీఈ వాళ్ళకు ఒక పక్కమాట. ఈ లీక్‌ను కొలిచే పరికరం ఉంది, నేజోమీటర్ అంటారు. ముక్కుకు, నోటికి మధ్య ఒక అడ్డుపలక, దానికి పైన ఒక మైకు, కింద ఒక మైకు. ముక్కులోంచి వచ్చిన శబ్దశక్తిని మొత్తం శబ్దశక్తితో భాగిస్తే వచ్చే శాతమే కొలత. అంతే. మెత్తగా చెప్పాలంటే చల్లటి అద్దం ముక్కు కింద పెట్టి "పాప" అనిపించి, ఆవిరి పడుతుందా అని చూడటం దీనికి పాత పద్ధతి. ప్రతి ఏడాదీ మొక్కలకు నీళ్ళుపోసే ప్రాజెక్టు ఒక పాతిక బ్యాచ్‌లు చేస్తున్నాయి, ఎవరైనా తెలుగు మాటల మీద దీన్ని చేయకూడదా అని ఆశ.

మాట సంగతి ఇది. నాకు ఇంతకంటే ఎక్కువ తగిలింది చెవి సంగతి. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మనం మింగినప్పుడల్లా అంగిలి కండరాలు దాన్ని తెరిచి చెవిలోకి గాలి పంపిస్తాయి. విమానంలోనో ఘాట్ రోడ్డులోనో చెవి టప్‌మని తెరుచుకునేది అదే. అంగిలి చీలిన పిల్లల్లో ఆ కండరాల పట్టు సరిగ్గా ఉండదు. గొట్టం తెరుచుకోదు, కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. కానీ వినికిడి తగ్గుతుంది, చెవిలో దూది పెట్టుకున్నంత. అదీ నిలకడగా ఉండదు, జలుబు చేస్తే ఎక్కువ, తగ్గితే తక్కువ. దానివల్ల "పిలిస్తే ఒకసారి పలుకుతాడు, ఒకసారి పలకడు, వీడికి పొగరు" అంటారు. లేదా మొద్దు అంటారు. చాలామంది మొర్రి పిల్లల తెలివితేటలు మామూలు పిల్లలంతే ఉంటాయి.

ఇప్పుడు క్లాస్‌రూమ్‌లోకి రండి. ఈ పిల్లాడు టీచర్ మాట బాగా వినాలంటే మొదటి బెంచీలో ఉండాలి. కానీ మొదటి బెంచీలో ఉంటే అందరికీ కనపడతాడు, టీచర్ ప్రశ్న వేస్తుంది, జవాబు చెప్తే నవ్వుతారు. అందుకని వాడంతట వాడే వెనక్కి వెళ్తాడు. వెనక కూర్చుంటే వినపడదు. వినపడకపోతే జవాబు రాదు. జవాబు రాకపోతే "వానికి రాదన్నా". నా ఏడో తరగతి మిత్రుడు కూడా (మిత్రుడు అనే హక్కు నాకుందా అంటే లేదు) చివరి బెంచీలోనే ఉండేవాడు. వాడికి సరిగ్గా వినపడకపోయి ఉండొచ్చని నాకు పదేళ్ళ తర్వాత మొయినాబాద్‌లో తట్టింది.

రెండో శనివారం హెడ్‌మాస్టర్ గారితో ఈ చెవి మాట చెప్పాం. ఆయన మేము అనుకున్నంత ఆశ్చర్యపోలేదు, "నిజమే, వాడు నా మూతి వైపే చూస్తుంటాడు" అన్నారు. వైద్య బృందం వచ్చేదాకా ఆగకుండా చీటీ రాసి తల్లితో చెవి డాక్టర్ దగ్గరికి పంపారు. కుడి చెవిలో నీరుంది. కొన్నాళ్ళు చూసి, తగ్గకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టం అమరుస్తామన్నారు. వాణ్ణి మొదటి బెంచీలోకి మార్చారు, ఎడమ చెవి టీచర్ వైపు ఉండేలా. ఈ బెంచీ మార్పుకు పైసా ఖర్చు లేదు, అయినా నాలుగేళ్ళు ఎవరికీ తోచలేదు.

నవ్వుల సంగతి అంత తేలిగ్గా తేలలేదు. "ఎవరూ నవ్వకూడదు" అని మా వాడొకడు గట్టిగా చెప్తే అంతా మూతులు బిగించుకుని కూర్చున్నారు, అది ఇంకా ఘోరంగా ఉంది. బ్రిటన్‌లో జేమ్స్ పార్ట్రిడ్జ్ అని ఒకాయన, పద్దెనిమిదేళ్ళప్పుడు కారు ప్రమాదంలో ముఖం కాలింది, 1992లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టాడు. ముఖంలో తేడా ఉన్నవాళ్ళకు వాళ్ళు నేర్పే ఒక చిట్కా ఉంది. ఎవరైనా అదేపనిగా చూస్తుంటే, అడుగుతుంటే, ఒక ముక్కలో కారణం చెప్పు, ఏం పర్లేదని చెప్పు, వెంటనే మాట మార్చు. దీన్ని మొయినాబాద్ భాషలోకి మార్చడానికి మేమూ వాడూ కలిసి అరగంట కూర్చున్నాం. చివరికి తయారైంది ఇది: "పుట్టినప్పుడు అతకలే, డాక్టర్ కుట్టిండు. నొప్పేం లేదు. గోటీలు ఆడుదామా?" వాడు దాన్ని ఇప్పుడు అవసరం లేని చోట కూడా వాడుతున్నాడు. మా సీనియర్ ఒకాయన హలో అంటే కూడా ఇదే చెప్పాడు.

ముక్కు మూసుకునే ఆటను మాత్రం క్లాసంతటితో ఆడించాం. అందరూ ముక్కు మూసుకుని "నాన్న, మామ, మొయినాబాద్" అనాలి. ముప్పై గొంతులు ఒక్కసారిగా తిక్కతిక్కగా మారేసరికి పడీపడీ నవ్వారు. ముక్కు దారి సంగతి అప్పుడు బోర్డు మీద గీసి చూపించాం. ఒక అమ్మాయి అడిగింది, "అంటే వానికి తలుపు మూసుకోదన్నా?" అని. నేను మీకు రెండు పేరాలు తీసుకున్నాను.

మన సంగతికి వద్దాం. 700 నుంచి 1000కి ఒకరు అన్న లెక్కన మూడు వేల మంది ఉన్న కాలేజీలో ముగ్గురు నలుగురు ఉండాలి. ఉన్నారు కూడా. వాళ్ళు ఇక్కడిదాకా వచ్చారంటే పన్నెండేళ్ళ నవ్వులు దాటి వచ్చారు. ఇక్కడ వాళ్ళకు ఎదురయ్యేది వైవా, సెమినార్, గ్రూప్ డిస్కషన్. వాడి వంతు రాగానే అవతలివాడు మధ్యలో అందుకుని వాక్యం పూర్తి చేసేస్తాడు, సాయం చేశాననుకుంటాడు. అర్థం కాకపోయినా తల ఊపేస్తాం. దానికంటే "మళ్ళీ ఒకసారి చెప్పవా" అనడం నయం. నేను అడిగిన ఒక జూనియర్ ఇదే అన్నాడు: "మళ్ళీ చెప్పమంటే నాకు కోపం రాదు అన్నా, అర్థమైనట్టు నటిస్తే వస్తుంది." ఇంటర్వ్యూ ఫీడ్‌బ్యాక్‌లో "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరుచుకోవాలి" అని వచ్చిందట. అతను రాసే ఈమెయిళ్ళు మా బ్యాచ్‌లో ఎవరూ రాయలేరు.

బడి పిల్లల విషయంలో విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ మానసిక వేధింపును కూడా నిషేధిస్తుంది. ఇక మనం ఏటా సంతకం పెట్టే యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఉంది కదా, చదవకుండా స్క్రోల్ చేసేది. 2016లో యూజీసీ ఆ నిబంధనలను సవరించి, రూపాన్ని బట్టి ఎవరినైనా ఏడిపించడం, వెలివేయడం కూడా ర్యాగింగే అని చేర్చింది. నేను పెట్టిన "ముక్కు రేడియో" ఇవాళ ఈ క్యాంపస్‌లో పెట్టి ఉంటే నేరం. ఏడో తరగతిలో మాత్రం అది నా హాస్యచతురత, క్లాస్ టీచర్ కూడా నవ్వింది.

ఆ పిల్లాడి తల్లిని పోయిన శనివారం కలిశాం. పూలతోటలో పని, ఆ రోజు సగం పూట సెలవు పెట్టుకుని వచ్చింది. చెవి చీటీలు చూపించింది, తర్వాత ఎప్పుడు రమ్మన్నారో చదివి పెట్టమంది. లేవబోతూ ఆగి అడిగింది.

"నిజం చెప్పు తమ్మీ. గ్రాణం నాడు నేను కూరగాయలు కోసిన. పండుకొమ్మన్నరు, నేనే పండుకోలే. మా అత్త ఇప్పటికీ అదే అంటది."

"అప్పటికి ఎన్నో నెల అక్కా?"

"అయిదో నెల."

పెదవి పని రెండో నెలకే అయిపోతుందని చెప్పాను. ఆమె కత్తిపీట ముందు కూర్చునేసరికి బిడ్డ ముఖం తయారై రెండు నెలలు దాటింది, అప్పుడు కొత్తగా తెగడానికి ఏమీ లేదని. గ్రహణాలు ఆరు నెలలకోసారి వస్తూనే ఉంటాయని, వాళ్ళ అత్త కడుపుతో ఉన్నప్పుడు కూడా వచ్చే ఉంటుందని చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది, ఒకసారి తప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది. తొమ్మిదేళ్ళుగా మోస్తున్న లెక్క కదా.

"గీ లెక్క జర మా అత్తకు గూడ చెప్పరాదు తమ్మీ," అంది.

వచ్చే శనివారం వాళ్ళింటికి వెళ్తున్నాం. ఆ ఏడాది పంచాంగం కోసం వెతుకుతున్నాను.